ఫోటోలో కనిపించనిదే ఫోటో పక్కన రాయాలి

ఎవరింటికి వెళ్లినా ఆల్బమ్ చేతికిస్తే నేను ముందు ఫోటోలు చూడను, వాటి కింద ఏమైనా రాశారా అని చూస్తాను. చాలా ఇళ్లలో అక్కడ ఏమీ ఉండదు. ఉన్నచోట "తిరుమల, 2011", "అందరం కలిసి", "చిన్నోడి మొదటి పుట్టినరోజు" వంటి మాటలు ఉంటాయి. పెళ్లి ఆల్బమ్‌లలోనైతే ఆ పని కూడా స్టూడియోవారే చేసిపెడతారు. గులాబీల అంచుల మధ్య "మధుర క్షణాలు" అని బంగారు రంగులో అచ్చువేసి, అదే పేజీని ఆ నెలలో పెళ్లయిన జంటలందరికీ ఇస్తారు. ఈ మాటల్లో తప్పేమీ లేదు కానీ, అవి ఫోటో చూసినవారికి అప్పటికే తెలిసిన సంగతినే మళ్లీ చెబుతాయి. గుండు చేయించుకున్న పిల్లవాడి వెనుక గోపురం కనిపిస్తుంటే అది తిరుమల అని వేరే చెప్పాలా? వాడు కత్తి చూసి ఎవరి ఒళ్లో దాక్కున్నాడు, వాణ్ని బయటికి రప్పించడానికి ఎవరు ఏం ఆశ చూపారు, క్యూలో అందరికంటే ముందు విసుక్కున్నది ఎవరు అన్నవి మాత్రం ఎవరో ఒకరు రాయకపోతే ఇరవై ఏళ్ల తరవాత చెప్పేవారు ఉండరు.

స్క్రాప్‌బుక్కులు తయారుచేయడం నాకు చాలాకాలంగా ఉన్న అలవాటు. ఫోటోలు, శుభలేఖలు, రైలు టికెట్లు, పాత ఉత్తరాలు, పిల్లలు గీసిన బొమ్మలు ఒక మందపాటి పుస్తకంలో అతికించి, పక్కన నాలుగు మాటలు రాసుకునే ఈ సరదాలో పడ్డవారు ఇప్పుడు మన ఊళ్లలోనూ చాలామందే కనిపిస్తున్నారు. రంగు కాగితాలు, పూల టేపులు, స్టిక్కర్లు, అంచులు వంకరగా కత్తిరించే కత్తెరలు కొనడానికి అందరికీ ఉత్సాహమే. పేజీ అలంకరణకు ఒక ఆదివారమంతా వెచ్చించినవారు, చివర మిగిలిన రెండంగుళాల జాగాలో ఏదో ఒకటి రాయాలి కాబట్టి "మరపురాని రోజు" అని రాసి పుస్తకం మూసేస్తారు. ఈ వరుసను నేను తిరగేశాను. ముందు వేరే కాగితం మీద రాసుకుంటాను, ఆ రాతకు ఎంత చోటు కావాలో చూసుకుంటాను, ఆ తరవాతే ఫోటో ఎక్కడ పెట్టాలో, పువ్వు అసలు అవసరమో కాదో నిర్ణయిస్తాను. చాలాసార్లు పువ్వు అవసరం ఉండదు.

ఇప్పుడు చేస్తున్నది అక్క కూతురి పెళ్లికి కానుకగా ఇవ్వడానికి. ఇంట్లో అందరూ అమ్ములు అని పిలిచే ఆ పిల్ల బెంగళూరులో పెరిగింది, తెలుగు చదవగలదు కానీ నెమ్మదిగా చదువుతుంది. నన్ను పిన్ని అని పిలిచే ఆ ఒక్క మనిషి కోసమే ఈ పుస్తకం అనుకున్న క్షణం నుంచి రాత దానంతట అదే మారిపోయింది. అందరికోసం రాసేటప్పుడు "మా కుటుంబం సంక్రాంతి వేడుకలను ఘనంగా జరుపుకున్నది" అనే వాక్యం వస్తుంది. అమ్ములుకు రాసేటప్పుడు ఆ వాక్యం కలంలోంచి రమ్మన్నా రాదు. "ఆ ఏడు భోగిమంటలో మీ మామయ్య ఏం పడేశాడో తెలుసా" అనే వస్తుంది. మనసుకు హత్తుకునేలా రాయడం ఎలా అని అడిగేవారందరికీ నేను చెప్పే మొదటి మాట ఇదే: పేజీ పైన చిన్న అక్షరాలతో ఒక పేరు రాసుకోండి, ఆ మనిషి ఎదురుగా కూర్చున్నట్టు రాయండి, అవసరమైతే చివర్లో ఆ పేరు చెరిపేయండి.

ఇది కొత్త సంగతి కాదు. చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీగా, అంటే ఒక భాష మాటలను మరో భాషలో చెప్పే ఉద్యోగిగా, పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కాశీయాత్రకు బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. దారి పొడవునా మజిలీ మజిలీకీ తాను చూసినదంతా మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకు ఉత్తరాలుగా రాసి పంపారు. ఆ మిత్రుడే వాటిని కూర్చి 1838లో అచ్చువేయించారు. ఏ ఊళ్లో నీళ్లు ఎలా ఉన్నాయి, దిగడానికి వసతి ఉన్నదా లేదా, అంగళ్లలో ఏ సరుకు దొరుకుతుంది, బాట ఎలా ఉంది అని ఆయన ఓపికగా రాసినవి ఇప్పటికీ మనల్ని కూర్చోబెట్టి చదివిస్తాయంటే, వాటిని తెలుసుకోవాలనుకునే మనిషి ఒకడు చెన్నపట్నంలో ఎదురుచూస్తున్నాడని ఆయనకు తెలియడమే కారణమని నా నమ్మకం. లోకం కోసం రాసి ఉంటే క్షేత్రమాహాత్మ్యాలు ఎక్కువై, బాటలోని గులకరాళ్లు తక్కువయ్యేవేమో.

నేను చెప్పదలచుకున్నది ఒక పేజీని దగ్గరగా చూపిస్తే తేలిగ్గా అర్థమవుతుంది. కోనసీమలోని మా పుట్టింటి పెరట్లో 1997 సంక్రాంతికి తీసిన ఫోటో ఒకటి ఉంది. అరుగు మీద మా అమ్మ కూర్చుని ఉంది, ఆమె ఒళ్లో ఆరు నెలల అమ్ములు, పక్కన అక్క, నేను, వెనుక నిలబడి నాన్న. అందరం కెమెరా వైపు చూస్తున్నాం, ఎండకు కళ్లు చికిలించాం. దీని కింద చాలా ఏళ్లుగా "1997 సంక్రాంతి, పుట్టింట్లో" అని మాత్రమే ఉండేది. ఆ మూడు మాటలూ నిజమే. కానీ ఆ ఫోటో తీయడానికి రెండు నెలల ముందు, 1996 నవంబరు 6 రాత్రి, కోనసీమ మీద విరుచుకుపడిన తుఫాను గురించి అందులో ఒక్క అక్షరం లేదు. పురిటికి వచ్చిన అక్క ఆ రాత్రి పసిపిల్లతో ఆ ఇంట్లోనే ఉంది. ఫోటోను కాస్త శ్రద్ధగా చూస్తే మా తలల వెనుక ఆకాశం మామూలుకంటే ఖాళీగా ఉంటుంది, ఎందుకంటే అక్కడ ఉండవలసిన కొబ్బరి మట్టలు లేవు. ఇప్పుడు ఆ పేజీలో ఇలా ఉంది:

"అమ్ములూ, నీ వెనుక కనిపిస్తున్న మొండేలు మన కొబ్బరిచెట్లవి. తుఫాను రాత్రి పెంకులు లేచిపోతుంటే అందరం డాబా గదిలోకి చేరాం. నిన్ను తాతయ్య పంచెలో చుట్టి, బీరువాకీ గోడకీ మధ్య సందులో మీ అమ్మ తెల్లవార్లూ కూర్చుంది. అమ్మమ్మ కట్టుకున్న ఈ నీలం చీర తనది కాదు. మన బట్టల పెట్టెల్లోకి నీళ్లు చేరితే పక్కింటి పిన్నిగారు పండగకని ఇచ్చారు. ఫోటోకి కాసేపటి ముందు తాతయ్య కొత్త మొక్కలకు గోతులు తీయిస్తుంటే, అమ్మమ్మ నిన్ను ఎత్తుకుని గట్టు మీద నిలబడి 'ఇవి కాపుకొచ్చేసరికి ఇది బళ్లో ఉంటుంది, ఆ కాయలమ్మి దీనికి ఫీజు కట్టండి' అంది. తాతయ్య నవ్వారు. తుఫాను తరవాత ఆయన నవ్వింది అప్పుడేనని మీ అమ్మ అంటుంది. కాదు, భోగినాడు కూడా నవ్వారని నేనంటాను."

ఈ రాతలో ప్రేమ, ధైర్యం, కష్టం, ఆశ అనే మాటలు ఎక్కడా లేవు. అవి రాయాలని చేయి లాగుతూనే ఉంటుంది. కానీ "అమ్మమ్మ ఎంతో ధైర్యవంతురాలు" అని రాస్తే అమ్ములు తలూపి పేజీ తిప్పేస్తుంది. ఊరంతా కూలిపోయిన రెండు నెలలకు అరువు చీర కట్టుకుని మనవరాలి బడి ఫీజు గురించి మాట్లాడిన మనిషిని చూపిస్తే, ఆ విశేషణం ఏదో అమ్ములే వెతుక్కుంటుంది. ఆఖరున అక్కకూ నాకూ ఉన్న పేచీని కావాలనే ఉంచాను. జ్ఞాపకాలన్నీ ఒకరితో ఒకరు ఏకీభవించినట్టు రాసిన పుస్తకం నాకు సర్కారీ నివేదికలా కనిపిస్తుంది. ఒకే ఇంట్లో పెరిగిన ఇద్దరు అక్కచెల్లెళ్లకు ఒకే సంగతి రెండు రకాలుగా గుర్తుంటే, ఆ రెండూ పక్కపక్కనే ఉండనివ్వండి.

ఆ ఫోటోలో ఇంకొకరు కనిపించరు, ఫోటో తీసిన మనిషి. మా అన్నయ్య దగ్గర ఒక యాషికా కెమెరా ఉండేది. రీలుకు ముప్ఫై ఆరు ఫోటోలు, వాటిని కడిగించడానికి కాకినాడ దాకా వెళ్లాలి, కాబట్టి వృథా చేయడానికి వీలులేదు. అందరినీ నిలబెట్టి, ఎండ ఏ పక్క నుంచి వస్తోందో చూసి, కళ్లు మూయకండని రెండుసార్లు హెచ్చరించి మరీ మీట నొక్కేవాడు. ఫలితంగా పదేళ్ల మా ఇంటి ఫోటోలలో వాడు ఒక్కదాంట్లోనూ లేడు. ప్రతి ఇంట్లోనూ ఇలాంటివారు ఒకరుంటారు; పండగలన్నిటికీ వచ్చి ఏ పండగ ఫోటోలోనూ పడనివారు. వంటింట్లో ఉండిపోయిన ఆడవాళ్లు, సైకిలు మీద ఐసుకి వెళ్లిన పాలేరు, గ్రూపు ఫోటో అనగానే పక్కకు తప్పుకునే పెద్దమ్మ. వారికి చోటు దొరికేది రాతలోనే. అమ్ములు పుస్తకంలో ఒక పేజీకి ఫోటో లేదు. ఆ పేజీ అంతా మామయ్య ఫోటోలు తీసే పద్ధతి గురించే ఉంటుంది, ఒక మూల నేల మీద పడిన అతని నీడ ఉన్న ముక్కను కత్తిరించి పెట్టాను.

పెద్దవాళ్ల దగ్గర సంగతులు రాబట్టడం ఒక విద్య. "అమ్మా, ఆ రోజుల గురించి చెప్పు" అని అడిగితే ఏ అమ్మ అయినా "ఏముందే చెప్పడానికి, అందరిలాగే బతికాం" అంటుంది. ఆ ప్రశ్న అంత పెద్దది, దాని ముందు ఎవరైనా చిన్నబోతారు. ఫోటో చేతికిచ్చి "ఈ గాజులు ఎక్కడ కొన్నావు" అని అడిగి చూడండి. గాజులమ్మే మనిషి ఏ వారం వచ్చేవాడో, గంప ఎక్కడ దించేవాడో, డబ్బుకు బదులు ఏమిచ్చేవారో, ఆ గాజుల్లో ఒకటి ఎలా చిట్లిందో, చిట్లినందుకు అత్తగారు ఏమన్నారో ఒకదాని వెంట ఒకటి వస్తాయి. వస్తువును పట్టుకుంటే మనిషి వస్తాడు. వారు మాట్లాడుతుంటే ఫోన్‌లో రికార్డు చేసుకోవడం మంచిదే కానీ, ఫోన్‌ను ఎదురుగా పెడితే కొందరు రేడియోలో వార్తలు చదివినట్టు మాట్లాడతారు. చెప్పి, అనుమతి అడిగి, కూరగాయల బుట్ట పక్కన పెట్టేయండి.

అలా రికార్డు చేసినదాన్ని కాగితం మీదికి ఎక్కించేటప్పుడు వారి మాటను దిద్దవద్దని నా గట్టి అభిప్రాయం. మా వదినది కరీంనగర్ వైపు. ఆమె పెళ్లికి ముందు చివరి బతుకమ్మ ఫోటో పక్కన ఏం రాయాలని అడిగితే, వాళ్లమ్మకు ఫోన్ కలిపింది. ఆవిడ చెప్పింది ఇది: "ఆ యేడు తంగేడు పువ్వు దొర్కలే బిడ్డా, మొత్తం గునుగు పువ్వుతోనే పేర్చినం. నువ్వేమో రంగులద్దుడు కాడ కూసొని లంగంత ఖరాబు చేసుకుంటివి." నేను దాన్ని "ఆ సంవత్సరం తంగేడు పూలు దొరకలేదు, మొత్తం గునుగు పూలతోనే పేర్చాము" అని రాసి ఉంటే సమాచారం అంతా భద్రంగా ఉండేది, ఆవిడ మాత్రం పుస్తకంలోంచి లేచి వెళ్లిపోయేది. నా సొంత మాటలు ఈ వ్యాసంలో ఉన్నట్టు పద్ధతిగానే ఉంటాయి, ఎవరి మాటను ఉటంకిస్తే అది వారి ఊరి యాసలోనే ఉంటుంది. పక్కపక్కన పెడితే ఎవరి గొంతు ఏదో చదివేవారికి ఇట్టే తెలుస్తుంది.

తేదీల సంగతి చిరాకైనదే అయినా దాటవేయలేము. మన పెద్దవాళ్లు సంవత్సరాన్ని అంకెలతో కాకుండా పెద్ద ఘటనలతో గుర్తుపెట్టుకుంటారు. కృష్ణా జిల్లావారు 1977 నవంబరు దివిసీమ ఉప్పెనకు ముందా తరవాతా అంటారు, గోదావరి వారు 1986 వరదలకు ముందా తరవాతా అంటారు. పుష్కరాలు మరీ మంచి ఆధారం. గోదావరి పుష్కరాలు 1991లో, 2003లో, 2015లో వచ్చాయి కాబట్టి, రాజమండ్రి కోటిలింగాల రేవులో తడిబట్టలతో నిలబడిన ఫోటోలో ఏ పిల్లవాడు ఎంత ఎత్తున్నాడో చూస్తే ఏ పుష్కరమో తేల్చవచ్చు. కొన్ని పాత ఫోటోల వెనుక తెలుగు సంవత్సరం, తిథి ఉంటాయి. అమ్మానాన్నల వైపు బంధువుల పెళ్లి ఫోటో ఒకదాని వెనుక "రౌద్రి, మాఘ శుద్ధ పంచమి" అని ఉంది. రౌద్రి నామ సంవత్సరం 1980 ఉగాదితో మొదలైంది కాబట్టి చాలామంది 1980 అని రాసేస్తారు. కానీ మాఘమాసం ఉగాదికి ముందు వచ్చే నెలల్లోది, కాబట్టి ఆ పెళ్లి 1981 ఫిబ్రవరిలో జరిగింది. పుష్యం, మాఘం, ఫాల్గుణం అని కనిపించినప్పుడల్లా ఈ లెక్క సరిచూసుకోవాలి. ఏ ఆధారమూ దొరకకపోతే "పెద్దత్తయ్య చెప్పిన ప్రకారం" అని చెప్పిన మనిషి పేరుతో సహా రాయండి. ఆ పేరు కూడా ఇంటి చరిత్రలో భాగమే.

ఇక ఉత్తరాల గురించి. కాకినాడలో హాస్టల్లో చదువుకునే రోజుల్లో నాన్న నాకు రాసిన ఇన్‌లాండ్ లెటర్లు ఒక కట్టగా ఉన్నాయి. అన్నీ ఒకే విధంగా మొదలవుతాయి: "చిరంజీవి సౌభాగ్యవతికి మీ నాన్న దీవించి వ్రాయునది ఏమనగా, ఇచ్చట అందరము క్షేమము, అచ్చట నీ క్షేమము తెలియజేయవలెను." తరవాత పంట సంగతులు, పంపిన మనియార్డరు సంగతి, చదువు మీద శ్రద్ధ పెట్టమనే వాక్యం. ఏ ఉత్తరంలోనైనా మొదటి పేజీ మార్చి మరో ఉత్తరంలో పెట్టినా ఎవరికీ తెలియదు. ఇన్‌లాండ్ లెటర్ మడతపెట్టి అతికించే అంచు దగ్గర సన్నటి చోటు మిగులుతుంది. జాగా అయిపోయాక, కాగితాన్ని అడ్డంగా తిప్పి, ఆ అంచులో నాన్న రాసినవే నేను ఇప్పటికీ చదువుకునేవి. "వచ్చునప్పుడు పగటి బస్సుకే రావలెను. నేను లాకుల వద్ద ఉందును." "నీవు నాటిన మల్లె మొగ్గ తొడిగినది, మీ అమ్మ కోయనివ్వడం లేదు." ఒకదాంట్లో కేవలం "గొడుగు మరువకు" అని ఉంది.

ఆయన సంప్రదాయం నేర్పిన వాక్యాలన్నీ కర్తవ్యంగా పూర్తిచేసి, చోటు లేకుండా పోయాక, అప్పుడు తాను నిజంగా చెప్పాలనుకున్నది రాసేవారు. మనమూ అంతే. స్క్రాప్‌బుక్ కోసం రాసిన నా చిత్తుప్రతులు తీసి చూస్తే, మొదటి నాలుగు వాక్యాలు మర్యాదకు రాసినవే. అసలు విషయం ఎక్కడో చివరి వాక్యంలో, చాలాసార్లు కుండలీకరణాల మధ్య నక్కి ఉంటుంది. అందుకని ఇప్పుడు చిత్తుప్రతి రాశాక చివరి వాక్యాన్ని మొదటికి తెచ్చి, మర్యాద వాక్యాలు కొట్టివేసి, ఇంకేమైనా మిగిలిందా అని చూస్తాను. నాన్న ఉత్తరాన్ని పుస్తకంలో పెట్టినప్పుడు కూడా లోపలి పేజీ కాకుండా ఆ అంచు కనిపించేలా మడతపెట్టాను. అమ్ములుకు తాతయ్య అంతగా గుర్తులేరు. ఆయన గురించి నేను ఎన్ని పేజీలు రాసినా ఆ అడ్డం రాతకు సాటిరావు కాబట్టి, పక్కన లాకులు ఎక్కడున్నాయో, బస్సు ఎన్నింటికి వచ్చేదో, ఆయన సైకిలు దేనికి ఆనించి నిలబడేవారో మాత్రం రాశాను.

కష్టమైన విషయాలు రాయాలా వద్దా అని చాలామంది అడుగుతారు. పెళ్లి కానుకలో చావుల ప్రస్తావన అశుభమని మా ఇంట్లోనే ఒకరు అన్నారు. ఆ మాటను నేను తేలిగ్గా తీసిపారేయను, శుభకార్యానికి దాని మర్యాద దానికి ఉంటుంది. కానీ పోయినవారిని పూర్తిగా తప్పించి రాస్తే ఆ ఇల్లు అమ్ములు పుట్టిన ఇల్లులా ఉండదు. నేను ఎంచుకున్న దారి ఏమిటంటే, వారు పోయిన రోజు గురించి కాక వారు ఉన్న రోజుల గురించి రాయడం. ఆస్తి తగాదాలు, ఎవరి కాపురంలోనో జరిగిన గొడవలు, ఒకరు నమ్మి చెప్పిన రహస్యాలు మాత్రం, ఎంత ఆసక్తికరమైనవైనా, ఇంకొకరి బతుకుకు సంబంధించినవి. వారిని అడగకుండా పుస్తకంలోకి ఎక్కించే హక్కు నాకు లేదు. అమ్ములు ఒక్కర్తే చదవాలనుకున్న ఒక ఉత్తరాన్ని చిన్న కవరులో పెట్టి, కవరును పేజీకి అతికించి, మూత అంటించేశాను. పెళ్లికి వచ్చిన చుట్టాలందరూ పుస్తకం తిరగేస్తారు కదా, వారికి కవరు కనిపిస్తే చాలు.

రాత చేతిరాతే అయి ఉండాలి. దస్తూరీ బాగాలేదని కంప్యూటర్‌లో కొట్టి ప్రింటు తీసి అతికించేవారిని చూస్తుంటాను. అక్షరాలు వంకరగా ఉన్నాయని మనం సిగ్గుపడతాం, మనవలు చూసుకునేది ఆ వంకరనే. అమ్ములు నెమ్మదిగా చదువుతుంది కాబట్టి నేను గొలుసుకట్టు రాత మానేసి, అక్షరాలు విడివిడిగా, వత్తులు స్పష్టంగా రాస్తున్నాను, అంతకుమించి సర్దుబాటు చేయలేదు. ఇంగ్లీషులో రాయవచ్చుగా అని అక్క అంది. అమ్మ మాటలు, నాన్న అంచు రాతలు తెలుగులో ఉండగా నా రాత ఒక్కటీ ఇంగ్లీషులో ఉంటే నేనే ఆ ఇంట్లో చుట్టపుచూపుగా వచ్చినట్టుంటుంది.

సామగ్రి విషయంలో డబ్బు పెట్టవలసినవి రెండే, కాగితమూ కలమూ. ఆమ్లం లేనిదని ప్యాకెట్ మీద రాసి ఉన్న కాగితమే కొనండి, మామూలు చార్టు కాగితం కొన్నేళ్లలో పసుపెక్కి పెళుసుబారుతుంది. పిగ్మెంట్ ఇంకు వాడే సన్నటి పెన్నులు దొరుకుతాయి. ఆ ఇంకు నీటికి కరగదు, వెలుతురుకు త్వరగా వెలవదు. ఫోటో వెనుక బాల్‌పెన్నుతో గట్టిగా రాస్తే ముందువైపు గీతలు ఉబ్బుతాయి, కాబట్టి అక్కడ మెత్తని పెన్సిలే మంచిది. మన ఇళ్లలో చాలావాటిలో, పైన ప్లాస్టిక్ పొర ఎత్తి ఫోటోను జిగురు పేజీకి అంటించే ఆల్బమ్‌లు ఇంకా ఉన్నాయి. ఆ జిగురు ఫోటోలకు హాని చేస్తుంది, పైగా ఏళ్లు గడిచేకొద్దీ పట్టు వదలదు. ముందు పేజీని ఉన్నది ఉన్నట్టు స్కాన్ చేసుకుని, ఆ తరవాత పళ్ల సందులు శుభ్రం చేసుకునే సన్నటి దారాన్ని ఫోటో కింద నెమ్మదిగా రంపంలా ఆడించి విడదీయాలి. గోరుతో లాగితే చిరుగుతుంది. బస్సులో మిషన్‌తో కొట్టి ఇచ్చే టికెట్లు, ఏటీఎం చీటీలు వేడికి నల్లబడే కాగితం మీద అచ్చవుతాయి, అవి కొంతకాలానికి తెల్లకాగితాలైపోతాయి. వాటిని అతికించే ముందే జిరాక్సు తీయించండి. జిగురు ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక ముచ్చట: అమెరికా రచయిత మార్క్ ట్వెయిన్ 1873లో, పేజీలకు ముందే జిగురు పూసి ఉండే స్క్రాప్‌బుక్కుకు పేటెంటు తీసుకున్నారు. జీవితమంతా రాసి బతికిన మనిషి, రాయనవసరం లేని పుస్తకాన్ని కూడా అమ్మగలిగారు.

నేను ఒక్కదాన్నే రాస్తే పుస్తకమంతా ఒకే గొంతు వినిపిస్తుందని, మిగిలినవారితోనూ రాయించే ప్రయత్నం చేస్తున్నాను. "అమ్ములు గురించి ఏదైనా రాయండి" అని తెల్లకాగితం ఇస్తే ఎవరూ రాయరు. అందుకని చిన్న చీటీల మీద ఒక్కొక్కరికీ ఒక్కో ప్రశ్న రాసి ఇచ్చాను. అన్నయ్యకు "అది మొదటిసారి సైకిలు ఎక్కినప్పుడు వెనుక పట్టుకున్నది ఎవరు, ఎక్కడ వదిలేశారు" అని, వదినకు "నీ దగ్గర దొంగతనంగా ఏం తినేది" అని, బావగారికి "దాన్ని బెంగళూరు బడిలో చేర్పించిన రోజు ఇంటికి ఏ దారిన వచ్చారు" అని. బావగారు మితభాషి, రెండు వాక్యాలు రాస్తారేమో అనుకున్నాను. కాగితం అటూ ఇటూ నింపి పంపారు, ఆ రోజు బడి గేటు ఎదురుగా ఉన్న టీకొట్టులో మధ్యాహ్నం దాకా కూర్చున్న సంగతి ఇంట్లో ఎవరికీ ఇంతకుముందు తెలియదు.

అక్క మాత్రం "నాకు రాయడం రాదు, నువ్వే ఏదో ఒకటి రాసి నా పేరు పెట్టు" అని తప్పించుకుంటూ వచ్చింది. ఆమెకు ఇచ్చిన ప్రశ్న "పెళ్లిచూపుల రోజు ఏం వండావు" అని. మొన్న కరెంటు బిల్లు వెనుక పెన్సిలుతో రాసి ఫోటో తీసి పంపింది: "గుత్తొంకాయ చేశాను. వాళ్లు బయల్దేరామని ఫోన్ చేసేసరికి ఇది చీర కట్టుకోనని మంచం మీద పడుకుంది. పొయ్యి కట్టేసి వెళ్లి కుచ్చిళ్లు నేనే పెట్టాను. కూర అడుగంటింది. వాళ్లు బాగుందనే తిన్నారు, మంచివాళ్లే అనిపించింది." కాపీ చేయకుండా ఆ బిల్లే పంపమన్నాను. దానికి పెన్సిలు గీతలు చెదరకుండా పైన ఒక పారదర్శకమైన కవరు వేసి, పెళ్లి శుభలేఖకు ఎదుటి పేజీ కేటాయించాను.